పెంకుచేపలు: లేకపోవడం ఎన్ని రకాలు?

ఆస్ట్రకోడెర్మ్‌లు ఒంటిమీద కవచం ఉండి నోటికి దవడ లేని చేపలు. సుమారు 47 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో వాటి తొలి ఆనవాళ్లు కనిపిస్తాయి. 37 కోట్ల ఏళ్ల కిందటికి దాదాపుగా మాయమవుతాయి. గ్రీకులో ఆస్ట్రకాన్ అంటే కుండపెంకు, డెర్మా అంటే చర్మం. పెంకే చర్మమైన చేపలు కాబట్టి తెలుగులో వీటిని పెంకుచేపలు అనుకోవచ్చు. పాతకాలపు ఏథెన్స్‌లో ఎవరినైనా నగరం నుంచి వెలివేయాలంటే పౌరులు ఆ మనిషి పేరు గీసేది కూడా కుండపెంకు మీదే. చేపలకు పేరు పెట్టినవారు దీన్ని తలచుకుని పెట్టలేదు. అయినా పేరులో వెలి ఉండనే ఉంది. దవడ ఉన్న చేపలన్నిటినీ అవతల పెట్టాక మిగిలినవాటికి వచ్చిన పేరు ఇది.

తొలినాటి పెంకుచేపలు ఆర్డోవిషియన్ యుగానివి. ఆస్ట్రేలియా నడుమ ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతంలో అరండాస్పిస్, బొలీవియాలోని సకబాంబా ఊరి దగ్గర సకబాంబాస్పిస్, అమెరికాలో కొలరాడో ఇసుకరాతిలో ఆస్ట్రాస్పిస్ దొరికాయి. సకబాంబాస్పిస్ కళ్లు రెండూ ముందుకు, బండి దీపాల్లా ఉంటాయి. ఆ తర్వాతి సైలూరియన్, డెవోనియన్ యుగాల్లో ఈ చేపలు బాగా విస్తరించాయి. వెన్నుకీ కడుపుకీ పెద్ద పలకలున్న హెటరోస్ట్రాకన్లు, గుర్రపు లాడం ఆకారపు తలడాలు ఉన్న ఆస్టియోస్ట్రాకన్లు, చైనా, వియత్నాంలలోనే దొరికే గేలియాస్పిడ్లు, పలకలు లేకుండా ఒళ్లంతా సన్నని పొలుసులున్న థీలోడాంట్లు, సన్నగా పొడవుగా ఉండే అనాస్పిడ్లు వాటిలో ముఖ్యమైనవి. చాలావాటి పొడవు మూరకు మించదు. హెటరోస్ట్రాకన్లలో చివరి కాలానికి చెందిన కొన్ని మాత్రం మీటరు దాటి పెరిగాయి.

వీటి అస్థిపంజరం ఎక్కువగా ఒంటి బయటే ఉంటుంది. హెటరోస్ట్రాకన్ల కవచంలోని ఎముకలో కణాలకు చోటు లేదు, ఆస్టియోస్ట్రాకన్ల ఎముకలో ఉంది. పలకల మీది బుడిపెల్లో డెంటీన్ కనిపిస్తుంది. మనిషి పంటి లోపలి పదార్థం అదే. పళ్లు పుట్టకముందే పంటి పదార్థం చర్మం మీద ఉందన్నమాట. ఈ కవచం దేనికన్నది పాత తగవు. ఆ కాలపు నీళ్లలో తిరిగిన పెద్ద సముద్రపు తేళ్ల నుంచి కాపుదల కోసమని అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రోమర్ 1933లో వాదించాడు. కాల్షియం, ఫాస్ఫేటు దాచుకోవడానికని మరికొందరు అన్నారు. నోటి సంగతి ఇంతకన్నా తేలిక. కరిచి పట్టుకునే ఏర్పాటు లేదు కాబట్టి బురదనో నీటిలో తేలే నలుసులనో లోపలికి తీసుకుని బతికి ఉండాలి.

ఇంత పాత జీవి లోపలి నిర్మాణం తెలియడం ఒక మనిషి ఓపిక వల్ల. స్వీడన్‌కు చెందిన ఎరిక్ స్టెన్సియో, ఆర్కిటిక్ దీవులైన స్పిట్స్‌బర్గెన్ నుంచి తెచ్చిన సెఫలాస్పిస్ తలలను పొర వెనక పొరగా అరగదీసి, ప్రతి పొరనూ నమోదు చేసి, మెదడు ఉన్న గది, నరాలు వెళ్లిన దారులు, రక్తనాళాలు పోయిన సందులు అన్నీ తిరిగి కట్టి 1927లో ప్రచురించాడు. మెదడు కుళ్లిపోయి కోట్ల ఏళ్లయింది. అది ఉన్న ఖాళీ మాత్రం రాతిలో అలాగే నిలిచింది. లేనిదాన్ని దాని ఖాళీ ద్వారా తెలుసుకోవడం శిలాజ విద్యకు రోజువారీ పని.

తత్త్వశాస్త్రానికి ఈ చేపలతో ఉన్న పేచీ కూడా లేకపోవడం గురించే. వీటి విషయంలో రెండు లేములు చెబుతారు. దవడ లేదు, ఇప్పుడు ఆ చేపలే లేవు. మొదటిదాన్ని లోపంగానూ, రెండోదాన్ని ఆ లోపానికి పడిన శిక్షగానూ కలిపి చదవడం అలవాటైపోయింది. రెండు లేములూ ఒకే రకానివా, అసలు లేమికి రకాలుంటాయా అన్నది ఆ అలవాటు దాటవేసే ప్రశ్న.

జీవజాతి పూర్తిగా లేకుండా పోవడం యూరప్‌లో 18వ శతాబ్దం చివరిదాకా మతపరమైన చిక్కు. పరిపూర్ణుడైన సృష్టికర్త ఉండదగిన ప్రతి రూపాన్నీ సృష్టించాడు, రాయి నుంచి దేవదూత దాకా మెట్లు ఎక్కడా తెగకుండా ఉన్నాయి అన్న భావన ప్లేటో, అరిస్టాటిల్‌ల నుంచి క్రైస్తవంలోకి వచ్చి స్థిరపడింది. ఆర్థర్ లవ్‌జాయ్ 1936లో ఈ భావన చరిత్రనంతా ఒక పుస్తకంగా రాశాడు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా సృష్టికర్త ఏర్పాటుకు మచ్చే. అందుకే భక్తుడూ ప్రకృతి పరిశోధకుడూ అయిన జాన్ రే, శిలాజాల్లోని గవ్వల వంటివి ఇప్పుడెక్కడా కనిపించకపోయినా అవి పూర్తిగా నశించాయని ఒప్పుకోవడానికి తటపటాయించాడు. థామస్ జెఫర్సన్ 1780లలో వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో అక్కడి జంతువుల పట్టికలో మామత్‌ను కూడా చేర్చాడు. ప్రకృతి తన సొంత జాతిని పోగొట్టుకోదని, అది ఉత్తరాన ఎక్కడో తిరుగుతూనే ఉంటుందని ఆయన నమ్మకం. 1796లో జార్జ్ క్యూవియే ఏనుగు ఎముకలనూ మామత్ ఎముకలనూ పక్కపక్కన పెట్టి రెండూ వేరని, మామత్ వంటివి ఇక లేవని తేల్చాక ఆ నమ్మకానికి చోటు లేకపోయింది. ఏనుగంత జంతువు ఎక్కడైనా ఉంటే కంటపడకుండా ఉండదు.

అంతరించడం నిజమేనని తేలాక మతం ముందున్న ప్రశ్న మారింది. పోయినవి ఎందుకు వచ్చినట్టు? ఈ ప్రశ్నను పాత చేపల మీద పెట్టి ఆలోచించినవారిలో హ్యూ మిల్లర్ ముఖ్యుడు. స్కాట్లాండ్ ఉత్తరాన క్రోమార్టీ అనే రేవు ఊళ్లో 1802లో పుట్టాడు. ఓడ నడిపే తండ్రి 5 ఏళ్ల తర్వాత సముద్రంలో పోయాడు. పిల్లవాడు పెరిగి రాతిపనిలో చేరాడు. ఆ ప్రాంతపు ఎర్ర ఇసుకరాయి డెవోనియన్ యుగపు సరస్సుల అడుగున పేరుకున్నది. సుత్తి దెబ్బకు ఆ రాతిలోని ఉండలు రెండుగా చీలితే లోపల చేప కనిపించేది, పలకలు, పొలుసులు చెక్కినట్టుగా. వాటిమీద వ్యాసాలు రాసి 1841లో ‘ద ఓల్డ్ రెడ్ శాండ్‌స్టోన్’ పుస్తకంగా తెచ్చాడు. అప్పటికే ఎడింబరోలో ‘ద విట్నెస్’ పత్రికకు సంపాదకుడు. 1843లో స్కాట్లాండ్ చర్చి చీలినప్పుడు విడిపోయిన పక్షానికి ఆ పత్రికే గొంతు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. మిల్లర్ పేరు చిరస్థాయిగా ఉన్న చేప, రెక్కల్లాంటి చేతులున్న టెరిక్తియోడెస్ మిల్లరీ, పెంకుచేప కాదు. అది దవడలున్న ప్లాకోడెర్మ్‌ల గుంపుది. దాని దవడ చిన్నదిగా, శిలాజంలో తేలిగ్గా చెదిరిపోయేదిగా ఉండటంతో 20వ శతాబ్దం వచ్చేదాకా కవచమున్న వాటినన్నిటినీ ఒకే గాటన కట్టేవారు. అసలైన పెంకుచేపల్లో మొదట పేరుపొందిన సెఫలాస్పిస్‌కు స్విస్ శాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ 1835లో నామకరణం చేశాడు. స్కాట్లాండ్‌లోనే గ్లామిస్ దగ్గర దొరికిన దానికి ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు లయెల్ పేరునే పెట్టాడు. అంతకుముందు ఆ లాడం తలలను ట్రైలోబైట్లనుకునేవారు. మరో పెంకుచేప టెరాస్పిస్ పలకనైతే కటిల్‌ఫిష్ లోపలి పెంకుగా భావించినవారూ ఉన్నారు. అది చేపదేనని 1858లో హక్స్‌లీ తేల్చాడు. వాటిని ఏమనాలో తెలియని రోజుల్లోనే వాటిచేత సాక్ష్యం చెప్పించడం మొదలైంది.

సాక్ష్యం ఒక పుస్తకానికి వ్యతిరేకంగా. 1844లో పేరు లేకుండా వెలువడిన ‘వెస్టిజెస్’ అనే గ్రంథం, జీవులు తక్కువ రూపాల నుంచి ఎక్కువ రూపాలకు వాటంతటవే ఎదిగాయని చెప్పింది. రచయిత రాబర్ట్ చాంబర్స్ అని చాలాకాలానికి గాని బయటపడలేదు. దానికి జవాబుగా మిల్లర్ 1849లో ‘ఫుట్‌ప్రింట్స్ ఆఫ్ ద క్రియేటర్’ రాశాడు. తొలి చేపలు చిన్నవిగా, నాసిరకంగా ఉండాలి కదా, స్ట్రామ్‌నెస్ దగ్గర దొరికిన పాత చేప చూడండి, ఎంత పెద్దదో, ఎంత నిండైన నిర్మాణమో అన్నది ఆయన వాదం. కాలం గడిచేకొద్దీ కొన్ని వంశాలు ఎదగడానికి బదులు దిగజారాయని కూడా వాదించాడు. కాళ్లు పోయిన పాము, కళ్లు ఒక పక్కకే ఒరిగిన చదును చేప అందుకు ఉదాహరణలు. భూమి వయసు ఎక్కువేనని, ఆదాముకు ఎంతో ముందే చావు ఉందని ఆయనకు అభ్యంతరం లేదు. ఆరు రోజుల సృష్టిని ఆరు సుదీర్ఘ యుగాలుగా చదివాడు. చేపలు, సరీసృపాలు, క్షీరదాలు, మనిషి అన్నవి ఒకరి తర్వాత ఒకరు సింహాసనం ఎక్కిన రాజవంశాల వంటివని ఆయన చూపు. 1856 డిసెంబర్‌లో, జబ్బుతో మనసు చెదిరి, తన ప్రాణం తానే తీసుకున్నాడు. చివరి పుస్తకం ‘ద టెస్టిమొనీ ఆఫ్ ద రాక్స్’ మరుసటి ఏడు వచ్చింది. చదువరులు ఆ చావుకు మతానికీ శాస్త్రానికీ మధ్య నలగడమే కారణమని కథలు అల్లారు గాని, ఆయన రాతల్లో ఆ నలుగుడు కనిపించదు. రెండూ ఒకే దేవుడి పుస్తకాలని చివరిదాకా నమ్మినవాడు.

అగస్సీ దారి వేరు. పాస్టరు కొడుకైన ఆయనకు జీవజాతి అంటే దేవుడి మనసులోని ఒక ఆలోచన. 1857లో రాసిన వర్గీకరణ వ్యాసంలో కొన్ని పాత రూపాలను ప్రవచన రూపాలన్నాడు. రాబోయేవాటి లక్షణాలు ముందుగానే తమలో చూపే జీవులవి, ప్రవక్తలు రాబోయేదాన్ని ముందే చెప్పినట్టు. పరిణామాన్ని జీవితాంతం ఒప్పుకోలేదు. చిత్రమేమంటే, పరిణామం ఒప్పుకున్న తర్వాతి పాఠ్యపుస్తకాలు దేవుణ్ణి తీసేసి ప్రవచనాన్ని మాత్రం ఉంచుకున్నాయి. దవడ ఇంకా రాని చేప, ఎముక మొదలవుతున్న చేప, మనిషికి తొలి మెట్టు అన్న వాక్యాలు అగస్సీవే, సంతకం లేదంతే.

డార్విన్‌కు ఈ ప్రమాదం తెలుసు. తన దగ్గరున్న ‘వెస్టిజెస్’ ప్రతి అంచున, ఎక్కువ తక్కువలనే మాటలు వాడకూడదని తనకు తానే రాసుకున్నాడు. తర్వాత ఆయనే ఆ మాటలు చాలాసార్లు వాడాడన్నది వేరే సంగతి. దశావతారాలను పరిణామ క్రమంగా చదవడంలో ఉన్నదీ ఇదే. 1877లో మేడమ్ బ్లావట్స్కీ, 1882లో కేశవచంద్ర సేన్ ఈ పోలిక చేశారు. చేప, తాబేలు, వరాహం, సగం మనిషి, పొట్టి మనిషి అనుకుంటూ వెళితే నిచ్చెనలా కనిపించే మాట నిజమే. పురాణంలో మాత్రం మత్స్యం కూర్మానికి ముందు మెట్టు కాదు. దాని పని దానికుంది, పని పూర్తయ్యాక ఆ అవతారానికి లోటు చెప్పినవారు లేరు.

మత్స్యం మాట వచ్చింది కాబట్టి మత్స్యన్యాయం సంగతి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతిలోకి వచ్చిన చేపపిల్ల మొదట అడిగింది రక్షణ. చేపను చేప మింగుతుంది కాబట్టి. చిన్న చేపను పెద్ద చేప తినడం మన రాజనీతిలో అరాచకానికి మారుపేరైంది. ఆ న్యాయానికి దవడ కావాలి. మొదటి పెంకుచేపల సముద్రంలో చేపకు చేప మీద భయం ఉండటానికి పెద్దగా ఆస్కారం లేదు, భయమల్లా తేళ్లతోనూ పెంకుజీవులతోనూ. దవడ పుట్టాక ఆ న్యాయం నీటిలోకి వచ్చింది, వచ్చి దవడ లేనివాటిని తినేసింది, అందుకే అవి అంతరించాయి అన్నది చాలామంది చెప్పే కథ. కాలక్రమం ఈ కథకు సహకరించదు. దక్షిణ చైనాలో 43.6 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో దవడ చేపల నిండు శిలాజాలు దొరికినట్టు 2022లో ప్రచురించారు. పెంకుచేపల్లో చివరివి 37 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఉన్నాయి. అంటే రెండూ కలిసి బతికిన కాలం 6 కోట్ల ఏళ్లకు పైమాటే. డైనోసార్లు పోయిన నాటి నుంచి నేటి దాకా గడిచిన కాలం అంతే. అంతకాలం పక్కపక్కన బతికినదాన్ని ఓడిపోవడం అనడానికి మాటలు సాగదీయాలి. చివరి డెవోనియన్‌లో సముద్రాల్లో ఆక్సిజన్ తగ్గి, జీవులు విడతలు విడతలుగా నశించాయి. దవడ ఉన్న ప్లాకోడెర్మ్‌లూ ఆ యుగం చివరికి మిగల్లేదు. అంతరించిన వాటిని చూసి అనర్హతో దురదృష్టమో తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి డేవిడ్ రౌప్ 1991లో ఒక పుస్తకమే రాశాడు. తప్పు జన్యువులదా అదృష్టానిదా అన్నదే దాని పేరు.

లేమి రకాల గురించి భారతీయ తర్కశాస్త్రం చేసినంత పని మరే సంప్రదాయమూ చేసినట్టు లేదు. న్యాయ వైశేషికాల్లో అభావం ఏడో పదార్థం. ఉన్నవాటి పట్టికలో లేకపోవడానికి కూడా ఒక స్థానం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో దాన్ని నాలుగుగా విభజించాడు. కుండ తయారుకాకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, కుండ పుట్టగానే ముగుస్తుంది. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, ముగింపు లేదు. నేలమీద కుండ లేదు అన్నప్పటిది అత్యంతాభావం. కుండ బట్ట కాదు అన్నది అన్యోన్యాభావం. తర్కం చదివేవారిని ఘటపటాలవాళ్లని వేళాకోళం చేయడం ఇక్కడి నుంచే వచ్చింది. కాని పెంకుచేపల విషయంలో ఆ ఘటమే పనికొస్తుంది.

దవడ లేకపోవడం వీటిలో ఏది? పాఠ్యపుస్తకం మాటతీరు ప్రాగభావానిది. ఇంకా దవడ రాలేదు అంటుంది. ప్రాగభావం ఎక్కడపడితే అక్కడ ఉండదు. కుండ ప్రాగభావం ఉండేది దాని ఉపాదానంలో, అంటే కుండగా మారబోయే పెంకుల్లో. తర్కం వాటిని కపాలాలంటుంది. పక్కనున్న నూలులో కుండ లేకపోవడం ప్రాగభావం కాదు, నూలు ఎన్నటికీ కుండ కాదు. ఇదే గీతను చేపల మధ్య గీస్తే లెక్క మారుతుంది. దవడ చేపలకు దారితీసిన వంశం ఒక్కటే. ఆ ఒక్క వంశంలో దవడ లేమిని ప్రాగభావమనవచ్చు. హెటరోస్ట్రాకన్లు తమ దారిన తాము పోయి 5 కోట్ల ఏళ్లకు పైగా వర్ధిల్లాయి. వాటిలో దవడ లేకపోవడం నూలులో కుండ లేకపోవడం వంటిది. ఇంకా అన్న చిన్నమాట అక్కడ చెల్లదు. ఆస్టియోస్ట్రాకన్లు జోడు రెక్కల వల్ల దవడ చేపలకు దగ్గర చుట్టాలు. గేలియాస్పిడ్లలో షుయు అనే చేప తలను ఎక్స్‌రే కిరణాలతో పరిశీలించి 2011లో ప్రచురించినప్పుడు, ముక్కు సంచులు రెండూ ఎడంగా జరిగి ఉన్నట్టు తేలింది. దవడ ఏర్పడటానికి ముందు జరగవలసిన మార్పు అదేనని అభివృద్ధి జీవశాస్త్రం అంతకుముందే అంది. అయినా ఆ చేప ముక్కు దవడ కోసం జరగలేదు, ఆ చేప అవసరం కోసం జరిగింది. దగ్గరి చుట్టాలైనా అవి మూలపురుషులు కావు.

అభావం తెలియాలంటే దేని అభావమో ముందు తెలియాలి అన్నది నైయాయికుల మరో నియమం. ఆ దేనినే ప్రతియోగి అంటారు. కుండ ఎరగనివాడికి కుండ లేదన్న జ్ఞానం కలగదు. డెవోనియన్ నీళ్లలో సెఫలాస్పిస్‌కు ఏ లోటూ లేదు. ప్రతియోగి అయిన దవడను నోట్లో పెట్టుకుని చూసేవారికే ఆ లోటు కనిపిస్తుంది. లేమిని బట్టి పేరు పెట్టడంలోని బలహీనతను అరిస్టాటిల్ కూడా గుర్తించాడు. జంతువుల అవయవాల గురించిన గ్రంథం తొలి భాగంలో, లేమికి ఉపభేదాలుండవని, కాళ్లు లేనివి, ఈకలు లేనివి అనుకుంటూ విభజిస్తే నిజమైన వర్గం దొరకదని తన గురువు శిష్యులతో వాదించాడు.

పెంకుచేపలు నిజంగా ఒక వర్గమేనా అన్నది ఇక్కడ తప్పని ప్రశ్న. తర్కంలో జాతి అంటే అనేక వ్యక్తుల్లో ఒకటిగా ఉండే నిత్యధర్మం. ప్రతి పోలికా జాతి కాదు. పదో శతాబ్దపు ఉదయనుడు ‘కిరణావళి’లో జాతికి అడ్డుపడే ఆరు దోషాలు చెప్పాడు. వాటిలో సంకరం ఒకటి. రెండు ధర్మాలు ఒకచోట కలిసి ఉండి, వేరేచోట్ల ఒకదాన్ని విడిచి మరొకటి ఉంటే అవి జాతులు కావు. కవచం ఉండటం, దవడ లేకపోవడం ఈ రెంటినీ పరీక్షించాలి. పెంకుచేపల్లో రెండూ ఉన్నాయి. ప్లాకోడెర్మ్‌లలో కవచం ఉంది, దవడా ఉంది. నేటి లాంప్రే చేపకు దవడ లేదు, కవచమూ లేదు. సంకరానికి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ ఘటపటాల్లో కూడా దొరకదు. సంకరాన్ని దోషంగా తర్వాతి నైయాయికులు అందరూ ఒప్పుకోలేదు, అది అలా ఉంచితే, ఇలాంటి ధర్మానికి తర్కం ఇచ్చే పేరు ఉపాధి. వంటవాడు అన్నట్టు. వంట చేసేవారంతా ఒక జాతి కారు.

జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్లీ హెనిగ్ 1950లో వేసిన బాటలో నడిచే నేటి వర్గీకరణ వేరే దారిలో ఇదే చోటికి వచ్చింది. నిజమైన గుంపు అంటే ఒక పూర్వీకుడూ ఆ పూర్వీకుడి సంతానం మొత్తమూ. ఆస్టియోస్ట్రాకన్లు హెటరోస్ట్రాకన్ల కంటే దవడ చేపలకు దగ్గర కాబట్టి పెంకుచేపలన్నిటినీ ఒక గుంపు చేయాలంటే దవడ చేపలనూ, వాటితోపాటు కప్పనూ కాకినీ మనిషినీ లోపలికి తీసుకోవాలి. తీసుకుంటే పెంకుచేపలు అంతరించలేదు. తీసుకోకపోతే అంతరించిందనడానికి అక్కడ ఒక గుంపే లేదు. హెటరోస్ట్రాకన్లు అంతరించాయి, గేలియాస్పిడ్లు అంతరించాయి అనవచ్చు. పెంకుచేపలు అంతరించాయన్న వాక్యం వ్యవహారానికి సరిపోతుంది, విచారణకు నిలవదు.

ఆ మాటకొస్తే జాతి అంతరించిందన్న వాక్యమే నైయాయికుడికి అర్థం కానిది. జాతి నిత్యం. వ్యక్తులు నశిస్తారు, ప్రళయంలో అందరూ నశించినా మళ్లీ సృష్టిలో అదే గోత్వం కొత్త గోవుల్లో వెలుస్తుంది. వ్యక్తి ఒక్కటీ లేనప్పుడు ఆ జాతి ఎక్కడ ఉంటుందని బౌద్ధ తార్కికులు వెంటపడి అడిగారు. వారి మతంలో జాతి వస్తువు కాదు, ఇతరాల్ని తొలగించగా మిగిలే పేరు. దవడ ఉన్నవి కాక, కవచం లేనివి కాక మిగిలినవి అన్న పెంకుచేపల నిర్వచనం ఈ అపోహవాదానికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఆధునిక జీవశాస్త్ర తత్త్వంలో మైకెల్ గిసెలిన్ 1974లోనూ, డేవిడ్ హల్ 1978లోనూ మూడో దారి తొక్కారు. జీవజాతి అనేది సామాన్యం (అంటే అనేకంలో ఒకటిగా ఉండే ధర్మం) కాదు, ఒక వ్యక్తి. ఫలానా కాలంలో పుట్టి, ఫలానా చోట బతికి, ఒకనాడు పోయేది. పోతే తిరిగి రాదు, అచ్చం అలాంటిదే మళ్లీ పుట్టినా అది వేరే వ్యక్తి. అప్పుడు అంతరించడం అచ్చమైన ప్రధ్వంసాభావం, మొదలుండి ముగింపు లేనిది. మామత్ విషయంలో జెఫర్సన్ ఒప్పుకోలేకపోయిందీ, క్యూవియే చూపించిందీ ఈ అభావమే. తెలుగులో స్పీషీస్‌కూ తర్కంలోని సామాన్యానికీ జాతి అన్న ఒకే మాట వాడటం వల్ల ఈ తేడా మరింత మరుగునపడింది.

ప్రధ్వంసం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు తర్కం ఇచ్చే సమాధానం కూడా కపాలాల్లో అనే. పుట్టకముందు కుండ లేనిదీ, పగిలాక కుండ లేనిదీ ఒకే పెంకుల్లో. పెంకును చూసి అది కుండ కాబోతున్న పెంకో కుండ పగిలిన పెంకో చెప్పడం చూపు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, దాని వెనుక కథ తెలియాలి. ఈ మాట ఎంత నిజమో దవడ లేకుండా నేటికీ బతికి ఉన్న రెండు చేపల చరిత్ర చూపిస్తుంది. ఒకటి లాంప్రే, సుమారు 40 జాతులు. రెండోది హాగ్‌ఫిష్, సుమారు 80 జాతులు. హాగ్‌ఫిష్‌కు వెన్నుపూసలు కనిపించవు. లినేయస్ 1758లో దాన్ని చేపల్లో కాదు, పురుగుల్లో పెట్టాడు. తర్వాతివారు చేపల దగ్గరికి తెచ్చినా, వెన్నుపూస పుట్టకముందటి దశకు ఇది బతికున్న గుర్తని, లాంప్రే కంటే ఒక మెట్టు కిందిదని చాలాకాలం చెప్పారు. జన్యువులు, సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల పరిశీలన లాంప్రేనూ హాగ్‌ఫిష్‌నూ ఒకే కొమ్మకు చేర్చింది. లాంప్రేకు వెన్నుపూసల అంశాలున్నాయి కాబట్టి వాటి ఉమ్మడి పూర్వీకుడికీ ఉండి ఉండాలి. 2011లో జపాన్ పరిశోధకులు హాగ్‌ఫిష్ పిండాల్లో వెన్నుపూస అంశాలను పోలిన మృదులాస్థి ముద్దలను చూపించారు. రెండు శతాబ్దాలపాటు ప్రాగభావంగా చదివినది ప్రధ్వంసమని తేలింది. దిగజారడం అన్న మిల్లర్ మాటను తీర్పులా కాక వట్టి వర్ణనగా తీసుకుంటే, ఇక్కడ దానికి ఒక చోటుంది.

ఎముక విషయం మాత్రం తగవులోనే ఉంది. లాంప్రేకూ హాగ్‌ఫిష్‌కూ ఎముక లేదు. పెంకుచేపలన్నీ దవడ చేపల కొమ్మ మీదివే అయితే ఈ రెంటి పూర్వీకులకు ఎముక ఎన్నడూ లేదు. అనాస్పిడ్ల వంటి కొన్ని గుంపులు లాంప్రే వైపు చుట్టాలని కొందరంటారు. అదే నిజమైతే లాంప్రే పూర్వీకులు ఒకప్పుడు పెంకు తొడుక్కుని తర్వాత విడిచారు.